జిల్లా ఆస్పత్రిలో పక్షవాతం వార్డుకి విరాళాలు: దేనికి అడగాలి, ఎలా తీసుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడేళ్ల కిందట మీ నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఊరి నుంచి జిల్లా ఆస్పత్రికి, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి చేరేసరికి తొమ్మిది గంటలు గడిచిపోయాయి. ఆయన దక్కలేదు. ఇప్పుడు మీ కాలేజీ బ్యాచ్ వాళ్లంతా, అందులో సగం మంది అమెరికాలో ఉన్నవాళ్లు, కోటిన్నర దాకా పోగుచేసి మీ జిల్లా ప్రభుత్వాస్పత్రికి న్యూరో విభాగం కోసం ఎంఆర్‌ఐ యంత్రం ఇప్పించాలనుకుంటున్నారు. ట్రస్టు పెట్టాలా, డబ్బు ఎలా తీసుకోవాలి, ముందు ఎవర్ని కలవాలి అని అడిగారు.

నేను పందొమ్మిదేళ్లు ఒక ధర్మాస్పత్రి ట్రస్టులో విరాళాల పని చూశాను. పక్షవాతం, మూర్ఛ, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల వార్డు మాది. తెలిసినంతవరకు వివరంగానే రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఎంఆర్‌ఐ సంగతి ముందు చెప్పేస్తాను. కోటిన్నరకి ఆస్పత్రుల్లో మామూలుగా వాడే కొత్త ఎంఆర్‌ఐ రావడం కష్టం. ఒకవేళ ఎవరో తక్కువకి ఇప్పించినా దానికి ప్రత్యేకమైన గది కట్టాలి, యంత్రాన్ని చల్లబరిచే చిల్లర్ పెట్టాలి, ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉండాలి, ఏటేటా మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి లక్షలు పోయాలి, చదివి రిపోర్టు రాసే రేడియాలజిస్టు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ గదికి తాళమే. ఇంకో మాట కూడా బాధతోనే చెబుతున్నాను. మీ నాన్నగారి తొమ్మిది గంటల్లో ఎంఆర్‌ఐ ఒక్క గంట కూడా తగ్గించేది కాదు.

పక్షవాతం వచ్చిన మనిషికి వెంటనే కావాల్సింది సీటీ స్కాన్. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందా, చిట్లిందా అన్నది అది నిమిషాల్లో చెప్పేస్తుంది. పూడుకుపోయిన రకమైతే, తగిన రోగులకు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే వైద్యం అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో ఒక అమెరికన్ న్యూరాలజిస్టు లెక్కగట్టారు. సీటీ ఇప్పటికే చాలా జిల్లా ఆస్పత్రుల్లో ఉంది. లేనిది మిగతాది. రాత్రి రెండింటికి ఆ సీటీ గది తెరిచే టెక్నీషియన్, బీరువాలో ఆ ఇంజెక్షన్, దాన్ని ఇవ్వడం నేర్చుకున్న డ్యూటీ డాక్టరు, ఫోన్లో స్కాన్ చూసి సలహా చెప్పే న్యూరాలజిస్టు, ఆ తర్వాత రోగిని చూసుకునే వార్డు. మీ కోటిన్నరకి ఇవన్నీ అందుతాయి.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. మా ట్రస్టు తొలిసారి పోగుచేసిన పెద్ద మొత్తంతో మూర్ఛ రోగుల కోసం, మెదడులోని విద్యుత్ సంకేతాలు నమోదు చేసే ఈఈజీ యంత్రం కొన్నాం. కొబ్బరికాయ కొట్టాం, శిలాఫలకం మీద దాతల పేర్లు చెక్కించాం. పద్నాలుగు నెలల తర్వాత ఒక దాత తన మనవణ్ణి తీసుకొచ్చి యంత్రం చూపించమన్నారు. తాళంచెవి కోసం అరగంట వెతికారు. తలుపు తీస్తే యంత్రం మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఎలక్ట్రోడ్ తీగల్లో మూడు తెగిపోయాయి. తలకి అంటించే పేస్టు డబ్బా మూత తీసి చూశాను, ఎండిపోయి సుద్దముక్కలా ఉంది. టెక్నీషియన్ ఎక్కువ జీతం ఇచ్చే చోటికి వెళ్లిపోయి ఎనిమిది నెలలైంది. తప్పు మాదే. యంత్రానికి డబ్బు అడిగాం గానీ, దాన్ని నడిపే మనిషికీ, వంద రూపాయల పేస్టుకీ అడగలేదు. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. మనవడి చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి నడిచారు. ఆ రోజు నుంచి ఏ వస్తువుకి విరాళం అడిగినా, మూడేళ్ల జీతం, సరంజామా, మరమ్మతు ఖర్చు కలిపి ఒకే మొత్తంగా అడగాలని రాసిపెట్టుకున్నాం. విడదీసి ఇస్తామన్న దాతలకు నచ్చజెప్పాం, ఒప్పుకోకపోతే వదులుకున్నాం కూడా.

మెదడు, నరాల జబ్బులకు డబ్బు పుట్టించడం మిగతా వాటికన్నా కష్టం. ఇది మీ బ్యాచ్ అంతా ముందే తెలుసుకోవాలి. మన తెలుగువాళ్లు ఆస్పత్రులకు ఇవ్వనివాళ్లేం కాదు. హైదరాబాద్‌లో కళ్లకి ఎల్.వి.ప్రసాద్ సంస్థ 1987లో దాతల అండతోనే మొదలైంది. కేన్సర్‌కి బసవతారకం ఆస్పత్రి 2000లో తెరిచారు, అమెరికాలోని తెలుగు డాక్టర్ల కృషి అందులో ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు తమ పాత ఆస్పత్రికి భవనాలే కట్టించారు. నిమ్స్ కూడా మొదట నిజాం ట్రస్టు సొమ్ముతో 1964లో తెరిచిన ఎముకల ఆస్పత్రే. కానీ కంటి ఆపరేషన్ అయితే కట్టు విప్పగానే మనిషి నవ్వుతాడు, దాత ఆ ఫొటో చూస్తాడు. పక్షవాతం రోగి అలా కాదు. మూడు నెలల తర్వాత కాలు ఈడ్చుకుంటూ, మాట తడబడుతూ ఇంటికి వెళతాడు. అది మాకు పెద్ద గెలుపు, చూసేవాళ్లకి మాత్రం సగం ఓటమిలా కనిపిస్తుంది. కాబట్టి "బాగుచేసి పంపిస్తాం" అని అడగకండి. "తన అన్నం తను తినేలా చేసి పంపిస్తాం" అని అడగండి. ఇంట్లో మంచం పట్టిన మనిషిని చూసుకున్నవాళ్లకి ఆ మాట విలువ వెంటనే తెలుస్తుంది. మాకు నిలబడి ఇచ్చినవాళ్లలో చాలామంది అలాంటి ఇళ్లవాళ్లే.

లండన్‌లో క్వీన్ స్క్వేర్ అనే చోట ప్రపంచమంతా గౌరవించే నరాల ఆస్పత్రి ఒకటుంది. అది మొదలైన తీరు నాకెప్పుడూ ధైర్యమిస్తుంది. జొహానా చాండ్లర్, లూయిసా చాండ్లర్ అనే అక్కచెల్లెళ్లు, తమను పెంచిన అవ్వకి పక్షవాతం వస్తే దగ్గరుండి చూసుకున్నారు. అలాంటి రోగులకు అప్పట్లో ఆస్పత్రుల్లో చోటు దొరికేది కాదు. గవ్వలు, పూసలతో అలంకార వస్తువులు చేసి అమ్మి వాళ్లు 200 పౌండ్లు కూడబెట్టారు. అప్పటి లండన్ మేయర్ డేవిడ్ వైర్‌కి కూడా పక్షవాతం వచ్చింది. ఆయన ముందుకొచ్చి 1859లో సభ పెట్టించారు. 1860లో ఎనిమిది మంచాలతో ఆస్పత్రి తెరిచారు. ఆ ఆస్పత్రికి డబ్బు పోగుచేయడానికే 1984లో పుట్టిన సంస్థ, ఇప్పుడు నేషనల్ బ్రెయిన్ అప్పీల్ అనే పేరుతో ఇంకా పనిచేస్తోంది. చూడండి, వాళ్లు మొదలుపెట్టింది మంచాలతో. వాళ్లకి అండగా నిలబడింది ఆ జబ్బు ఏమిటో ఒంటితో తెలిసిన మనిషి. మీ జిల్లాలో కూడా అలాంటివాళ్లు ఉంటారు. పక్షవాతం వచ్చి కోలుకున్న హెడ్‌మాస్టరో, మిల్లు యజమానో, రిటైరైన తహసీల్దారో. మొదటి సమావేశానికి మంత్రిగారి కన్నా ముందు వాళ్లను పిలవండి.

ఇక వార్డు గురించి. పక్షవాతం రోగుల్ని జనరల్ వార్డులో తలోచోట పడుకోబెట్టకుండా, శిక్షణ పొందిన బృందంతో ఒకేచోట చూసుకుంటే చావులూ తగ్గుతాయి, జీవితాంతం ఇంకొకరి మీద ఆధారపడేవాళ్లూ తగ్గుతారు. ఇది ఎన్నో దేశాల్లో పరీక్షలు చేసి తేల్చిన విషయం. బృందం అంటే భారీ ఖర్చు అనుకోకండి. ఒక చిన్న సంగతి చెబుతాను.

మా వార్డులో ఒకాయన్ని చేర్చిన సాయంత్రం, కొడుకు ప్రేమగా గ్లాసులో హార్లిక్స్ కలిపి, వెల్లకిలా పడుకున్న తండ్రి నోట్లో చెంచాతో పోస్తున్నాడు. మా సీనియర్ సిస్టర్ పరుగున వచ్చి ఆపేసింది. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, ఒక్క చెంచా మంచినీళ్లు ఇచ్చి, గొంతు మీద రెండు వేళ్లు ఆనించి గుటక పడుతోందా లేదా చూసింది. తర్వాత "మీ పేరు చెప్పండి తాతగారూ" అంది. గొంతు బుడబుడమంటూ తడిగా వచ్చింది, వెంటనే దగ్గు. మింగే కండరాలు పనిచేయడం లేదని అర్థం. ఆ హార్లిక్స్ అంతా ఊపిరితిత్తుల్లోకే పోయేది. మామూలుగా మనకి పొలమారితే దగ్గి బయటపడతాం, వాళ్లలో చాలామందికి ఆ దగ్గు కూడా సరిగా రాదు. పక్షవాతం తట్టుకుని నాలుగో రోజున న్యుమోనియాతో పోయేవాళ్లలో చాలామంది ఇలాగే పోతారు. ఈ పరీక్ష నేర్పడానికి అయ్యేది కొద్ది రోజుల శిక్షణ ఖర్చు. ఒక చెంచా, ఒక గ్లాసు నీళ్లు చాలు. రెండు గంటలకోసారి రోగిని పక్కకి తిప్పి పడుకోబెట్టడం, పడక పుండ్లు రాకుండా గాలి పరుపు వేయడం, రెండో రోజు నుంచే ఫిజియో మొదలుపెట్టడం, ఇవీ అంతే. ఆపరేషన్లకైతే ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ అని ఏదో ఒక దారి ఉంటుంది. తర్వాత ఆరు నెలల ఫిజియోథెరపీకి, మాట నేర్పే థెరపిస్టుకి పేదవాడి దగ్గర డబ్బుండదు. మా అనుభవంలో విరాళం అక్కరకొచ్చేది సరిగ్గా అక్కడే.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. కోటిన్నరలో అరవై లక్షలకు మించి వస్తువుల మీద పెట్టకండి. ఎనిమిది పది మంచాలు, మానిటర్లు, గొంతులో కఫం లాగేసే సక్షన్ యంత్రాలు, మందు కొలతగా ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపులు, గాలి పరుపులు, ఫిజియో గదిలో పట్టుకు నడిచే కడ్డీలు, రోగిని మెల్లగా నిలబెట్టే టిల్ట్ టేబుల్, స్కాన్లు పంపడానికి మంచి ఇంటర్నెట్, కంప్యూటరు అందులో సర్దుకోవచ్చు. మిగిలిన తొంభై లక్షల్లో మూడేళ్ల జీతాలు, ఇంజెక్షన్లు, మరమ్మతులు పోగా ఎంత మిగిలితే అంత కార్పస్‌గా, అంటే అసలు కదపకుండా వడ్డీ వాడుకునే మూలధనంగా, బ్యాంకులో వేయండి. కార్పస్‌కి ఇచ్చే దాత ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎందుకంటే ట్రస్టు మామూలు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలన్న నియమం ఉంది. కార్పస్ అని దాత స్పష్టంగా రాసిచ్చి, చట్టం ఒప్పుకున్న డిపాజిట్లలో పెడితేనే దానికి మినహాయింపు. చాలామంది ఈ ఉత్తరం తీసుకోవడం మరిచిపోయి ఆడిట్ సమయంలో టెన్షన్ పడతారు.

ఆస్పత్రి వైపు ముందు కలవాల్సింది సూపరింటెండెంట్‌ని, జనరల్ మెడిసిన్ హెడ్‌ని, వార్డు సిస్టర్లని. సిస్టర్లని విడిగా కలవండి. ఏది ఎందుకు పాడైపోయిందో వాళ్లకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తర్వాత ఆస్పత్రి అభివృద్ధి సంఘంలో తీర్మానం చేయించుకోండి, కలెక్టర్‌గారికి కూడా ఒక కాపీ ఇవ్వండి. ఒప్పంద పత్రంలో మూడు విషయాలు తప్పకుండా ఉండాలి. వార్డుని వేరే పనికి మార్చకూడదు. మీరు శిక్షణ ఇప్పించిన నర్సుల్ని కనీసం ఇంత కాలం అదే వార్డులో ఉంచాలి. మూడేళ్ల తర్వాత జీతాలు ఎవరిస్తారో ముందే తేలాలి. రెండో దాని మీద గట్టిగా పట్టుబట్టండి. నేర్పిన సిస్టర్ ఆర్నెల్లకి కాన్పుల వార్డుకి మారిపోతే మీ డబ్బు కూడా ఆమెతోనే వెళ్లిపోయినట్టు. మీరిచ్చిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టర్లో ఎక్కిందో లేదో కళ్లతో చూసి, ఆ పేజీ ఫొటో తీసుకోండి. రిజిస్టర్లో లేని వస్తువుకి తర్వాత ఎవరూ రిపేరు చేయించరు.

డబ్బు తీసుకునే విషయంలో అమెరికా స్నేహితుల సంగతి జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, తన సొంత కష్టార్జితాన్ని బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. కొత్త ట్రస్టుకి ఆ రిజిస్ట్రేషన్ వెంటనే రాదు. మూడేళ్లు పనిచేసి, 15 లక్షలు అసలు కార్యక్రమాల మీద ఖర్చు పెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ డబ్బు తీసుకుని ఇంకో సంస్థకి ఇచ్చే దారి కూడా మూసేశారు. కాబట్టి ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న నమ్మకమైన సంస్థే ఈ వార్డు పనిని తన ప్రాజెక్టుగా చేపట్టేలా మాట్లాడుకోండి, లేదా కేంద్ర హోంశాఖ దగ్గర ఈ ఒక్క పనికి ముందస్తు అనుమతి తీసుకోండి. ఎవరో ఒక స్నేహితుడి సేవింగ్స్ ఖాతాకి అందరూ పంపేసి తర్వాత చూద్దాం అన్న ఆలోచన మాత్రం వద్దు. చాలా బ్యాచ్ గ్రూపుల్లో మొదట వచ్చే ఆలోచన అదే. ఈ విషయంలో తెలిసిన ఆడిటర్‌కిచ్చే ఫీజు దండగ అనుకోకండి.

ఇక్కడి దాతలకు పన్ను మినహాయింపు సంగతి నిజం చెప్పండి. 80జి అని మనం పిలిచే మినహాయింపు సాధారణ ట్రస్టుకి ఇచ్చినదాంట్లో సగానికి, అదీ ఆదాయంలో ఒక పరిమితి వరకే వస్తుంది. రెండు వేలు దాటిన నగదుకి రాదు. కొత్త పన్ను విధానంలోకి వెళ్లినవాళ్లకి అసలే రాదు. పన్ను కోసం ఇచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు, మనసుతో ఇచ్చేవాళ్ల మీద దృష్టి పెట్టండి.

కంపెనీలు చట్టప్రకారం సమాజసేవకి పెట్టాల్సిన సీఎస్ఆర్ నిధులు అడగొచ్చు. నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవర్ వెయ్యి కోట్లు, లేదా నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) 500 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. అయితే వాళ్లకి లోగో అంటించడానికి యంత్రం కావాలి. మేం పట్టువదలకుండా అడిగితే ఒక కంపెనీ ఇద్దరు ఫిజియోల జీతం మూడేళ్లు ఇచ్చింది. మార్చిలో వెళితే మిగిలిపోయిన చిల్లర దొరుకుతుంది, ఏప్రిల్-మే నెలల్లో వెళితే బడ్జెట్‌లో చోటు దొరుకుతుంది.

మా వార్డుని నిజంగా నిలబెట్టింది మాత్రం ఎర్ర అట్ట ఉన్న ఒక పొడుగాటి పద్దుల పుస్తకం. తిరుమల అన్నదానానికి పెళ్లిరోజునో, పెద్దల తిథి నాడో ఇచ్చే అలవాటు మనందరికీ ఉంది. అదే పద్ధతిలో వార్డు ఒక రోజు ఖర్చు లెక్కగట్టి, ఏడాదికి 365 గీతలు గీశాం. మాట ఇచ్చినవాళ్ల పేరు పెన్సిల్‌తో, డబ్బు అందాక సిరాతో. ఆబ్దికానికి వారం ముందు ఫోన్ చేసి గుర్తుచేస్తాం. ఆ రోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి "ఇవాళ వార్డులో తొమ్మిది మంది ఉన్నారండీ, ఒకాయన మొదటిసారి లేచి నిలబడ్డారు" అని చెబుతాం. అంతే. మిర్చి కమిషన్ వ్యాపారి ఒకాయన తల్లి తిథికి పదకొండేళ్లు వరసగా ఇచ్చారు. ఆయన పోయాక కొడుకు అదే గీత మీద తండ్రి పేరు కూడా రాయమన్నాడు. మొదటి ఏడాది 365లో 70 కూడా నిండలేదు, ఆరో ఏడాదికి ఖాళీ గీతలు వెతుక్కోవాల్సి వచ్చింది.

రోగుల ఫొటోల గురించి ఒక్కమాట చెప్పి తీరాలి. ఒకసారి విరాళాల ఫ్లెక్సీ మీద మూతి వంకరపోయిన ఒక రోగి ముఖం వేశాం. కొడుకు సంతకం పెట్టాడు కదా అనుకున్నాం. ఆ మనిషికి అప్పుడు మాట లేదు, కానీ అన్నీ తెలుస్తున్నాయి. రెండు నెలల తర్వాత మాట కొంచెం కొంచెం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటకీ ఆగుతూ, "బాబూ... ఆ బొమ్మ... తీయించు" అన్నారు. ఆ సాయంత్రమే నిచ్చెన తెప్పించి నేనే విప్పేశాను. తర్వాత ఎప్పుడూ ముఖాలు వేయలేదు. నడక కడ్డీ పట్టుకున్న చేతి ఫొటో వేశాం. దానికీ విరాళాలు వచ్చాయి.

దాతలకు మూడు నెలలకోసారి ఒక్క పేజీ పంపండి. ఎంతమంది పక్షవాతంతో వచ్చారు, వారిలో నాలుగున్నర గంటల లోపు చేరినవాళ్లు ఎందరు, గేటు దాటిన ఎన్ని నిమిషాలకు ఇంజెక్షన్ పడింది, పడక పుండ్లు ఎందరికి వచ్చాయి. అంకె బాగోలేకపోయినా అలాగే పంపండి. ఇంజెక్షన్‌కి రెండు గంటలు పడుతోందని మేం నిజం రాసినప్పుడు, ఒక దాత స్వయంగా వచ్చి చూసి, క్యాజువాలిటీ నుంచి సీటీ గదికి స్ట్రెచర్ తోసే మనిషి రాత్రిపూట లేడని కనిపెట్టారు. ఆ మనిషి జీతం ఆయనే ఇచ్చారు.

మీరు డిసెంబరులో నాలుగు వారాలకు ఇండియా వస్తున్నానన్నారు. ఆ నాలుగు వారాల్లో ప్రారంభోత్సవాలు, ఫొటోలు పెట్టుకోకండి. ఒక రాత్రంతా మీ జిల్లా ఆస్పత్రి క్యాజువాలిటీ బయట బెంచీ మీద కూర్చోండి. పక్షవాతం కేసు వస్తే, ఆటో దిగిన దగ్గర్నుంచి స్కాన్ అయ్యేదాకా ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తీసుకుని సూపరింటెండెంట్‌గారి దగ్గరికి వెళ్లండి. బడ్జెట్ దాన్నిబట్టే తయారవుతుంది. అది రాశాక ఇక్కడ పెట్టండి, జీతాలు, మరమ్మతుల లెక్కలు నేను కూర్చుని చూసిపెడతాను.